అద్దాల పెట్టె, సుద్ద రంగు

మా స్నానాలగదిలో వాష్ బేసిన్ కింద చిన్న టేకు అలమర ఒకటి ఉంది. మా అమ్మాయి దాన్ని "వ్యానిటీ" అంటుంది. వ్యానిటీ అంటే నాకు తెలిసింది భుజాన తగిలించుకునే బ్యాగే. డిక్షనరీ తీసి చూద్దును కదా, మొట్టమొదటి అర్థం డాంబికం, గర్వం అని ఉంది! టూత్‌పేస్టూ, కుంకుడుకాయల డబ్బా పెట్టుకునే అలమరకి అంత గర్వమేమిటో మరి. మా కూర్మన్నపాలెం సముద్రపు గాలికి దాని బందులు తుప్పు పట్టాయి, వార్నిష్ పొలుసులు పొలుసులుగా లేచిపోతోంది.

"అమ్మా, దీనికి చాక్ పెయింట్ వేద్దాం. పెద్దగా గీకక్కర్లేదట. రెండు పూతలు వేస్తే కొత్తదైపోతుంది" అంది అమ్మాయి, ఫోనులో వీడియో చూపిస్తూ.

వరండాలో కూర్చున్న అత్తయ్యగారి చెవిన పడనే పడింది. "టేకుకి రంగేటమ్మా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాటతోనే వారం రోజులు బ్రష్షు కాగితంలోంచి బయటికి రాలేదు.

కారణం ఉంది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఎంత ఉద్యమం జరిగిందో మీకు తెలిసిందే. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. చరిత్ర పుస్తకంలో ఇవి మూడు వాక్యాలు. మా ఇంట్లో ఇది ఒక తలుపు. ఆ కర్మాగారం కోసం లేచిపోయిన ఊళ్ళలో మా అత్తవారి ఊరూ ఒకటి. ఇల్లు విప్పుకుని వస్తూ మా మావగారు వీధి తలుపు బండి మీద వేసుకొచ్చారు. కొత్త గుమ్మానికి అది పొట్టిదైపోయింది. చాలా ఏళ్ళు గోడకి చేరేసి ఉంచి, చివరికి వడ్రంగిచేత కోయించి ఈ అలమర చేయించారు. ఇక రంగు మాట ఎలా ఎత్తను?

ఆ వారం నేను చేసిన పని చదువుకోవడం. అలంకరణ సామానుకి ఒకప్పుడు ప్రపంచంలో పేరు మోసిన ఊరు మన విశాఖపట్నమేనని తెలిసి ఆశ్చర్యపోయాను. 1756లో ఇక్కడికి వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి మన అద్దకం బట్టల్నీ, చెక్కలో దంతం పొదిగే పనినీ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అంటే అప్పటికే ఆ పని బాగా చెయ్యి తిరిగినదన్నమాట. మొదట్లో టేకులోనో నల్లటి తుమికి చేవలోనో తీగలూ పువ్వులూ వచ్చేలా దంతం పొదిగేవారు. తరవాత తరవాత చందనపు చెక్కతో పెట్టె చేసి, దానిమీద పల్చటి దంతపు రేకులు నిండుగా తాపడం చేసి, వాటిమీద సూదిమొనతో బొమ్మలు గీసేవారు. ఆ గీతల్లో నల్ల లక్క నింపితే సిరాతో వేసినట్టు బొమ్మ పైకి తేలేది. ఇంగ్లండునుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూసి, తాము ఎన్నడూ ఎరగని ఆ దేశపు మేడల్ని మన పనివాళ్ళు దంతం మీదికి దింపేశారు.

వాటిలో నన్ను కట్టి పడేసింది అద్దాల పెట్టె. కింద చిన్న చిన్న సొరుగులు, పైన రెండు కంబాల మధ్య ముందుకీ వెనక్కీ వాలే అద్దం. దొరసానులు దానిముందు కూర్చుని తల దువ్వుకునేవారు. మా అమ్మాయి చెప్పే వ్యానిటీకి పెద్దమ్మ లాంటిది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ పోయాక 1781లో ఆయన సామాను వేలానికి వచ్చింది. అందులో ఉన్న విశాఖపట్నం దంతపు కుర్చీల్ని సాక్షాత్తూ మూడో జార్జి రాజు తన భార్య షార్లెట్ రాణికోసం కొన్నాడు. ఇప్పటికీ అవి ఆ రాజకుటుంబం సేకరణలోనే ఉన్నాయి. కుర్చీ ఎక్కినవారి పేర్లు నిలిచాయి గానీ, చేసినవాళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు. ఆ ఏనుగుల సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. దంతం వ్యాపారం మన దేశంలో ఇప్పుడు నిషేధం, మంచిదే. లక్క పని మాత్రం ఈ ప్రాంతం దాటిపోలేదు. అనకాపల్లి వైపు ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకి లక్క అదిమితే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక చాక్ పెయింట్. ఆ పేరుతో దాన్ని 1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనే ఆవిడ తయారుచేశారు. చాక్ అంటే సుద్దే కదా! చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకి గంజీ, సుద్దమట్టీ, చింతగింజల అంబలీ, జిగురూ కలిపి పూసి, ఆరాక దానిమీద బొమ్మ వేస్తారు. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, సున్నం పూసి, ఆ తరవాతే రంగులు. సున్నం వేరు, సుద్ద వేరు సుమండీ. సున్నం గాలి పీల్చుకుని తనంతట తనే గట్టిపడుతుంది. సుద్దకి ఆ శక్తి లేదు, జిగురు తోడు కావాలి. చింతగింజ చేసిన పనే ఈనాటి డబ్బాలో మరో జిగురు చేస్తోంది. ఆ పూత నీళ్ళు పీల్చేస్తుంది కనుక పైన మైనం రుద్దమంటారు. బేసిన్ దగ్గరైతే మైనం చాలదు, నీళ్ళకి ఆగే వార్నిష్ వెయ్యాలి.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. విన్నారు. లేచి వెళ్ళి అలమర ముందు పీట వేసుకుని కూర్చుని, "ఆ బందు విప్పవే" అన్నారు మనవరాలితో. వడ్రంగి చిత్రిక అందని మూల అది. అమ్మాయి గోటితో గీకింది. వార్నిష్ కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద తెలుపు.

"పచ్చ రంగు మీ మావగారి పెళ్ళికి ఏసినారు. ముందరంతా ఏటా సంక్రాంతికి సున్నమే" అన్నారావిడ.

"మావగారి పెళ్ళంటే మీ పెళ్ళేగా అత్తయ్యా!" అంటే, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు.

మరి టేకుకి రంగేమిటని అడిగినావిడ ఈవిడేనా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తెల్లది కాదు, ఆకుపచ్చే కావాలన్నారు. అమ్మాయి మూడు డబ్బాలు కలిపి కలిపి, ఆవిడ "ఆఁ" అనేదాకా ఒక్కో చుక్కా చెక్కముక్క మీద వేసి చూపించింది. అయిదోసారికి "ఆఁ" అన్నారు.

పైన రెండు పూతలు ఆరాక, లోపలివైపు వెయ్యడానికి రెక్కలు తీశాం. అక్కడ ఏనాడో అంటించిన క్యాలెండరు కాగితం ఊడదీస్తే, నల్లరంగుతో పెద్ద అంకెలు కనిపించాయి. కొలతలకి వచ్చినవాళ్ళు ఇంటింటికీ వేసిన నంబరు. అమ్మాయి బ్రష్షు ముంచింది. అత్తయ్యగారు దాని మణికట్టు పట్టుకుని ఆపారు.

"లోపల ఉండనీ" అన్నారు.

చెమ్మకి చెరిగిపోకుండా ఆ అంకెల మీద వార్నిష్ మాత్రం ఒక పూత వేశాం.