డోలు మీద చరిత్ర: సకిని రామచంద్రయ్య

మేడారం జాతరకు మన గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు బయలుదేరతాడని ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. పెనక వంశం వారు కాలినడకన అడవి దారిలో తీసుకుపోతారు. మరి ఆయనది ఏ గట్టు, ఏ ఏ ఇంటిపేర్ల వారికి ఆయన వేల్పు అని అడిగితే చెప్పేవారు ఎంతమంది? ఈ జవాబు వెనుకట డోలి వారి నోట ఉండేది.

కోయల్లో చరిత్ర చెప్పే పని డోలి వారిది. చావు కర్మల దగ్గర, కొలుపుల్లో, జాతరల్లో డోలు కొడుతూ గట్లు, ఇంటిపేర్లు, వేల్పుల పుట్టుక, వీరుల పోరు పాడుతారు. బొమ్మలున్న మూడు మూలల గుడ్డను పడిగె అంటాం. ఆ పడిగెలో ఉన్నదే పాటలో వస్తుంది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ వరుసలోని వారు. బడి చదువు లేదు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, నాగులమ్మ కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో లామకాన్ వంటి చోట్ల యువత మైకు ముందు నిలబడి కవిత చెబుతోంది. స్పోకెన్ వర్డ్ అంటున్నారు. ఇందులో పోటీగా సాగే పొయెట్రీ స్లామ్‌ను 1980లలో అమెరికాలోని షికాగోలో మార్క్ స్మిత్ అనే భవన నిర్మాణ కార్మికుడు మొదలుపెట్టాడు. అక్కడ మార్కులు వేసేది పండితులు కాదు, వినడానికి వచ్చిన జనమే. మనకు ఇది కొత్త కాదు. డోలి పాటకూ తీర్పు వినేవారిదే. ఇంటిపేరు తప్పినా, ఒక తరం దాటిపోయినా పెద్దలు ఊరుకోరు. కథ తెలిసిన జనమే ఆ పాటకు కాపలా.

నగర వేదిక మీద ఆ కాపలా ఉండదు. గంటల తరబడి సాగే కథకు అక్కడ దొరికేది కొద్ది నిమిషాలు. అందులో పోరు ఘట్టం నిలుస్తుంది, ఇంటిపేర్ల వరుస పోతుంది. చప్పట్లు కొట్టేవారికి ఏది పోయిందో తెలియదు. మనకు మాత్రం ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికి ఇవ్వవచ్చో చెప్పేది ఆ వరుసే.

సన్మానం వద్దని మేము అనడం లేదు. పద్మశ్రీతో డోలి పేరు దేశానికి తెలిసింది. కానీ తప్పు పట్టగల శ్రోతను తయారుచేయడం బిరుదు వల్ల కాదు, అది మన పని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోన్ ఉంది. ఇంటివారిని, పాడేవారిని అడిగి, ఒప్పుకుంటే పాట మొత్తం రికార్డు చేయండి. కోయ మాటను కోయగానే తెలుగు లిపిలో రాయండి. పెద్దలకు చదివి వినిపించి దిద్దించండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి.

ఉపాధ్యాయులం మనం కూడా కాకతీయుల పాఠం చెప్పే రోజు ప్రతాపరుద్రుడి దగ్గర ఆగవద్దు. పగిడిద్దరాజు కథ తెలిసిన పెద్దమనిషిని ఆ రోజు బడికి పిలుద్దాం. పిల్లలు ఆ కథ విని, మళ్లీ ఆయనకే అప్పజెప్పాలి.