ఇంటిలో పనిచోటు: గుంటమగ్గము నుండి ల్యాప్‌టాప్ వరకు

ఇంటిలో కూర్చుండి పనిచేయుట మనకు క్రొత్త కాదు. నెల్లూరు సీమలోని మనుబోలుకు నైరుతి దిశగా నున్న వెంకటగిరి సన్నని నూలు చీరలకు ప్రసిద్ధి. ఆ చీరలు నేసిన నేతగానికి ఇల్లే కార్ఖానా. కావున దేహమునకు తగినట్లు పనిచోటును అమర్చుకొను విద్య చరిత్రను అతని ఇంటినుండియే ఆరంభింపవచ్చును.

గుంటమగ్గమును చూడుడు. నేలలో గుంట త్రవ్వి, దాని అంచున నేతగాడు కూర్చుండును. కాళ్ళు గుంటలోనికి దించి తొక్కుడు చెక్కలను ఆడించును. నేయుచున్న బట్ట ఒడికి దగ్గరగా, చేతికి అందు ఎత్తున నుండును. బాసింపట్టు వేసి కూర్చున్నపుడు కటిభాగము వెనుకకు ఒరిగి, నడుము వద్ద వెన్నెముకకు సహజముగా నుండు వంపు పోవును. కాళ్ళు క్రిందికి దిగినచో ఆ వంపు కొంత నిలుచును. అనగా ఈ గుంట నేలలో దాగిన కుర్చీ వంటిది. అయితే ఒక లోపమున్నది: ఒకసారి త్రవ్విన గుంట లోతు మారదు. పొడవైన తండ్రి కొలతకు త్రవ్విన గుంటలో పొట్టి కొడుకు కూర్చున్నచో, పాదములు చెక్కలకు అందుటకై ముందుకు జారవలసి వచ్చును. దినమంతయు అట్లు జారి కూర్చున్న వానికి నడుము నొప్పి రాక తప్పదు.

పూర్వము నాడెను ఒక చేతితో విసరి మరొక చేతితో పట్టుకొనెడివారు. 1733లో ఇంగ్లండులో జాన్ కే త్రాడు లాగినంతనే పరుగిడు నాడెను కనిపెట్టెను. మదరాసు ప్రభుత్వము 1906లో సేలమున నేతశాల నెలకొల్పి దానిని ప్రచారము చేసెను. అది వేగము కొరకు పుట్టిన సాధనము. అయినను ఇరుప్రక్కలకు చేతులు చాచు శ్రమ తగ్గెను. దానికి బదులు ఒకే చేయి అదే లాగుడును వేలసార్లు లాగవలసి వచ్చెను. పనిముట్టు మారినపుడు శ్రమ పోదు, చోటు మారును.

ఈ సంగతిని శాస్త్రముగా విచారించినవారిలో ఇటలీ వైద్యుడు రమజ్జీని ముఖ్యుడు. వృత్తుల వలన కలుగు వ్యాధులపై 1700లో ఆయన గ్రంథము వెలువడెను. 1713 నాటి కూర్పులో వ్రాయసగాండ్రను గూర్చి చెప్పుచు, ఎడతెగని కూర్చుండుట, చేతికి విరామము లేకుండుట, మనస్సుకు అలసట - ఈ మూడింటిని కారణములుగా చూపెను. 1857లో పోలండు శాస్త్రజ్ఞుడు యాస్త్రెంబోవ్‌స్కీ ఈ విద్యకు 'ఎర్గోనామిక్స్' అని పేరిడెను. గ్రీకులో 'ఎర్గోన్' అనగా పని, 'నోమోస్' అనగా నియమము.

మన వ్రాయసగాండ్రు నేలపై కూర్చుండి, ఏటవాలు మూతగల చిన్న డెస్కును ముందుంచుకొనెడివారు. ఆ వాలు కాగితమును కంటి వైపునకు ఎత్తును. మెడ తక్కువగా వంగును. పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వంగినకొలది, దానిని నిలుపుటకు మెడ వెనుక కండరములు మరింత బలముగా లాగవలెను. స్వీడను వైద్యుడు నాకెమ్‌సన్ వెన్నుపూసల నడుమ నున్న మెత్తని బిళ్ళలలో సూది గ్రుచ్చి ఒత్తిడిని కొలిచి, 1964లో ప్రకటించెను. ముందుకు వంగి కూర్చున్నపుడు ఒత్తిడి నిలుచున్నప్పటికంటె హెచ్చు.

పిమ్మట బల్ల, కుర్చీ వచ్చినవి. బల్ల సుమారు 75 సెంటీమీటర్లు, కుర్చీ 45 సెంటీమీటర్లు ఎత్తుండుట పరిపాటి. 5 అడుగుల స్త్రీకి ఆ కుర్చీపై పాదములు నేలకు సరిగా ఆనవు. ఆ బల్లపై వ్రాయుటకు భుజములు ఎత్తవలెను. భారతీయుల దేహపు కొలతలను దేబ్‌కుమార్ చక్రవర్తి సంకలనము చేయగా, అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించెను.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధింపగా, ఎందరో యువకులు నగరములు వీడి సొంత ఊళ్ళలో మంచముపై ల్యాప్‌టాప్ ఉంచుకొని ఉద్యోగములు చేసిరి. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకే చోట నుండును. మీటలు చేతికి సరిపోయినచో తెర క్రిందికగును; తెర కంటికి సరిపోయినచో మీటలు పైకగును.

దీనికి నివారణ ఖరీదైనది కాదు. ల్యాప్‌టాప్ క్రింద పుస్తకములు పేర్చి తెర పై అంచును కంటి ఎత్తునకు తెచ్చి, మీటల పలకను వేరుగా అమర్చుకొనవలెను. మోచేయి బల్ల ఎత్తున నుండవలెను. పాదములు అందనిచో క్రింద చెక్క వేయవలెను. నేతగాని గుంటకును ఇదియే ఉపాయము. నడుము వెనుక మడిచిన దుప్పటి చాలును. కిటికీ ప్రక్కగా నుండవలెను. ఎంత చక్కగా అమర్చినను, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. ఇంటిలో ఇద్దరు ఒకే కుర్చీలో పనిచేయుచో, కూర్చున్న ప్రతిసారి చెక్కను, పుస్తకములను ఎవరి కొలతకు వారు మార్చుకొనవలెను.