ఆల్చిప్పలు – పట్టణపు మురుగునీరు

1902వ సంవత్సరం నవంబరు 10వ తేదీన దక్షిణ ఇంగ్లండులోని వించెస్టర్, సౌతాంప్టన్ నగరాలలో మేయర్ల విందులు జరిగినవి. రెండింటిలోను ఆల్చిప్పలను పచ్చివిగానే వడ్డించారు. కొద్ది దినాలలోనే అతిథులలో పలువురు కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. తరువాత 21 మందికి టైఫాయిడ్ జ్వరం వచ్చినది. వారిలో ఐదుగురు మరణించారు. వించెస్టర్ ప్రధాన క్రైస్తవాలయపు డీన్ స్టీఫెన్స్ వారిలో ఒకరు.

రెండు వేర్వేరు నగరాలలో ఒకేసారి ఒకే వ్యాధి ఎట్లు పుట్టినది? ప్రభుత్వం పక్షాన డాక్టర్ బుల్‌స్ట్రోడ్ విచారణ జరిపాడు. రెండు విందులకూ ఆల్చిప్పలు వచ్చినది ఎమ్స్‌వర్త్ అనే చిన్న రేవు నుండి. అక్కడ వాటిని ఒడ్డున పోటునీరు చేరే మడుగులలో నిలువచేసేవారు. ఆ మడుగుల దాపుననే పట్టణపు మురుగునీరు సముద్రంలో కలుస్తూ ఉండెను.

ఆల్చిప్ప కదలక ఒకే చోట ఉండే ప్రాణి. ఆహారం కొరకు అది నీటిని తనలోనికి లాగుకొని, మొప్పలతో వడగట్టి, అందలి సూక్ష్మకణాలను పట్టుకొంటుంది. అనుకూల పరిస్థితులలో పెద్ద ఆల్చిప్ప దినానికి 100 లీటర్లకు పైగా నీటిని వడగట్టగలదు. నీటిలో రోగక్రిములుంటే అవి కూడ దాని దేహంలో పోగుపడతాయి. అయినను దాని రూపం మారదు, రుచి మారదు. ఉడికించక తిన్నవానికి ఆ క్రిములు సజీవంగానే చేరుతాయి.

ఈ ప్రమాదం అప్పటికి కొత్తది కాదు. 1894లో అమెరికాలోని మిడిల్‌టౌన్‌లో వెస్లియన్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు సోకిన టైఫాయిడ్‌కు ఆల్చిప్పలే కారణమని ఆచార్య కాన్ నిరూపించాడు. కాని ఆ హెచ్చరిక పట్టణాల మురుగుకాలువలను మళ్ళించలేకపోయినది.

విందుల అనంతరం ఎమ్స్‌వర్త్ ఆల్చిప్పల విక్రయం నిలిచిపోయినది. దానినే నమ్ముకొన్న కుటుంబాల జీవనోపాధి దెబ్బతిన్నది. ఫాస్టర్ అనే వర్తకుడు స్థానిక మండలిపై దావా వేశాడు. మురుగునీటితో అతని మడుగులను చెరుపుటకు మండలికి హక్కు లేదని 1906లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పినది. పట్టణాన్ని రోగాల నుండి కాపాడుటకు వేసిన కాలువలే రోగాన్ని సముద్రంలోనికి చేర్చి, తిరిగి మనుషుల పళ్ళెంలోనికి తెచ్చినవి!

1924–25 శీతకాలంలో అమెరికాలో ఆల్చిప్పల మూలంగా సుమారు 1500 మందికి టైఫాయిడ్ సోకి, దాదాపు 150 మంది మరణించారు. 1925 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో సమావేశం జరిగినది. ఆల్చిప్పను పరీక్షించుట చాలదు, అది పెరిగే నీటినే పరీక్షించి, ఆ ప్రదేశానికి అనుమతి ఇవ్వాలన్న విధానం దానినుండి రూపొందినది. రోగక్రిములను ఒక్కొక్కటిగా వెదకుట కష్టం. కనుక మలంలో సమృద్ధిగా ఉండే కోలిఫారం బాక్టీరియాను లెక్కిస్తారు. అవి ఉన్నచోట మలం కలిసి ఉండవచ్చునని సూచన. ఆ దేశంలో అనుమతి పొందిన ప్రదేశపు నీటిలో మలసంబంధ కోలిఫారంల సగటు 100 మిల్లీలీటర్లకు 14కు మించరాదు.

నేడు ఆల్చిప్పలను శుద్ధమైన సముద్రజలంలో కొంతకాలం ఉంచి శుభ్రపరుస్తున్నారు. దీనివల్ల బాక్టీరియా చాలవరకు బయటకు పోతుంది. కాని నోరోవైరస్ వంటివి అంత సులభంగా వదలవు. కనుక తరువాత కడుగుటకంటె, మురుగును శుద్ధిచేసిన పిదపనే సముద్రంలోనికి విడుచుట మేలు. ఎమ్స్‌వర్త్ నేర్పిన పాఠం ఇదే.