మంచుకొండల గురువులు, మహేంద్రగిరి బాట

పుష్యమాసపు చలి ముదిరినంతనే మన బరంపురములోని కుటుంబములు కొన్ని అర్ధరాత్రివేళ కార్లు కుదుర్చుకొని దారింగబాడి కొండలకు బయలుదేరుట ఇప్పుడొక ఆచారమైనది. సొరడ దాటి ఘాటురోడ్డు ఎక్కి, సూర్యోదయమునకు ముందే పైకి చేరినచో, గడ్డిపరకలమీద తెల్లని పేరుడు కనబడును. పిల్లలు దానిని గోటితో గీరి చూతురు. ఎండ రాగానే అది కరగిపోవును. దీనినిబట్టియే ఆ ఊరికి ఒడిశా కాశ్మీరమను పేరు వచ్చినది. అది నిజమైన హిమపాతము కాదు, నేలమీది తేమ గడ్డకట్టుట మాత్రమే. అయినను మన భాషలో దానిని మంచు అనియే అందుము. తెల్లవారి చెరువుమీద కమ్ముకొను పొగవంటిదియు మంచే, ఆకుపై నిలుచు బొట్టును మంచే, హిమాలయముపై యుగయుగములుగా పేరుకొన్నదియు మంచే. మంచు నెరుగని సముద్రతీరవాసులకు ఒక్క మాట చాలియుండెను.

నేడు చాలునో చాలదో చెప్పలేము. మన యిండ్లలోని చదువరులు జర్మనీ, స్విట్జర్లాండు దేశములలో ఉద్యోగములు చేయుచు, శీతకాలపు సెలవులలో జట్టుగా ఆల్ప్స్ పర్వతములకు పోయి, కాళ్లకు స్కీ పలకలు కట్టుకొని మంచువాలులపై జారుచు తీయించుకొన్న చిత్రములను ఇంటికి పంపుచున్నారు. అట్టి చిత్రమొకటి ఈమధ్య మా యింటికిని వచ్చినది. పదిమంది వరుసగా నిలిచియున్నారు. ముందు ఎఱ్ఱచొక్కా తొడిగిన ఒక మనిషి వెనుకకు తిరిగి వారికేదియో చెప్పుచున్నాడు. మా పెద్దత్తగారు కళ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "ఆ ఎఱ్ఱచొక్కా ఆయన ఎవరురా? పంతులుగారా?" అని యడిగిరి. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఆయన పంతులే. స్కీ విద్య ఆల్ప్స్ ప్రాంతమున పుట్టినది కాదు, ఉత్తరమున నార్వే దేశమునుండి వచ్చినది. నార్వే రైతులకు అది వాహనము వంటిది. 1888లో నాన్సెన్ అను సాహసికుడు స్కీలపై గ్రీన్లాండు మంచునేల నడ్డముగా దాటి, ఆ యాత్రను గ్రంథముగా వ్రాయగా, దానిని చదివి ఆల్ప్స్ దేశములవారు పలువురు పలకలు తెప్పించుకొనిరి. కాని నార్వే వాలులు వేరు, ఆల్ప్స్ వాలులు వేరు. నిట్టనిలువు కొండపై ఆ పాతపద్ధతి పనికిరాలేదు. ఆస్ట్రియాలో లిలియన్‌ఫెల్డ్ అను ఊర మథియాస్ జ్‌డార్‌స్కీ అను నతడు ఒంటరిగా ఏండ్ల తరబడి అభ్యసించి, నిటారు వాలున మలుపు తిరుగు విధమును కనిపెట్టి, 1890 దశాబ్ది చివర దానిని పుస్తకముగా ప్రకటించెను. తాను కనుగొన్నది దాచుకొనక వచ్చినవారి కెల్ల నేర్పెను. కొండవాలున బోధకుని వెనుక శిష్యులు బారులు తీరుట అచ్చట అలవాటైనది.

ఆ తరువాత హానెస్ ష్నైడర్ వచ్చెను. ఆయన ఆర్ల్‌బర్గ్ కొండలలో పుట్టి, సాంక్ట్ ఆంటన్ గ్రామమున బోధకుడై, మొదటి ప్రపంచయుద్ధమున సైనికులకు స్కీ నేర్పి, 1921లో అచ్చటనే పాఠశాల స్థాపించెను. ఎవరికెంత వచ్చునో చూచి తరగతులుగా విభజించుట, మొదటి తరగతి రానిదే రెండవదానికి పంపకుండుట ఆయన బడిలో స్థిరపడిన పద్ధతి. నేటికిని ఆల్ప్స్‌కు జట్టుగా పోవువారు ఈ క్రమముననే నేర్చుకొనుచున్నారు. మొదటి పాఠము పడుట, పడి లేచుట. రెండవది మన రైతుబిడ్డకు చెప్పకయే తెలియును: పలకల కొనలు రెండును దగ్గరకు చేర్చి, మడమలవైపు ఎడముగా పెట్టి, లోపలి అంచులతో మంచును దున్నుచు దిగవలెను. దాని పేరే నాగలి. అట్లు దున్నినంత వేగము తగ్గును. అటుపిమ్మట బోధకుడు ముందు పోవుచుండగా అతడు గీసిన గాడిలోనే ఒకరి వెనుక నొకరు పాముచాలుగా మలుపులు తిరుగుచు రావలెను. జట్టులో మిక్కిలి నెమ్మదియైనవాని వేగమే జట్టు వేగము. ష్నైడర్ కథ ఇంతతో ముగియలేదు. 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించినప్పుడు ఆయనను నిర్బంధించిరి. మరుసటి ఏడు అమెరికాకు పోయి, అచ్చటి న్యూహాంప్‌షైర్ కొండలలో మరల పాఠములు మొదలు పెట్టెను. ఊరు పోయినను విద్య వెంట వచ్చినది.

బోధకునికి అచ్చట గల గౌరవము ఒక్కనాట వచ్చినది కాదు. 1786 ఆగస్టు 8న మోఁబ్లాఁ శిఖరము మొదటిసారి ఎక్కిన యిద్దరిలో ఒకడు షామొని గ్రామపు వైద్యుడు పకార్డు, ఒకడు కొండలలో స్ఫటికములు ఏరుకొను బల్మా. 1820లో ఒక బృందము అదే కొండ ఎక్కుచుండగా మంచు విరిగిపడి ముగ్గురు దారిచూపరులు మరణించిరి. మరుసటి సంవత్సరమే, 1821లో, షామొని దారిచూపరులందరు కలిసి ఒక సంఘముగా ఏర్పడిరి. వంతులవారీగా పని పంచుకొనుట, ఆపదలో చిక్కినవారి కుటుంబములను ఆదుకొనుట ఆ సంఘపు నియమములు. ఆ సంఘము రెండు శతాబ్దములు దాటి నేటికిని నిలిచియున్నది. మరియొక విశేషము: షామొనిలో 1887లో నిలిపిన విగ్రహమున బల్మా కలడు గాని వైద్యుడు లేడు. ఆ వైద్యునికి విగ్రహము రెండువందల యేండ్లకు, 1986లో, వచ్చినది. అచ్చట మరుగున పడినది చదువుకొన్నవాడు. మనదేశమున సాధారణముగా జరుగునది దీనికి తలక్రిందులు.

ఈ ఆల్ప్స్ విద్యకును మనకును సంబంధమేమి యని యడుగవచ్చును. 1953లో టెన్సింగ్ నార్గే, హిల్లరీ ఎవరెస్టు నెక్కిన పిమ్మట నెహ్రూ ప్రభుత్వము డార్జిలింగులో పర్వతారోహణ విద్యాలయము నెలకొల్ప దలచెను. దానికి బోధకులు కావలసి యుండిరి. 1954లో టెన్సింగును, మరి యారుగురు షెర్పాలును స్విట్జర్లాండునకు పోయి, రోజెన్‌లావి యను చోట ఆర్నోల్డ్ గ్లాథార్డ్ నడుపుచున్న పర్వతపాఠశాలలో శిక్షణ పొందిరి. ఎవరెస్టు నెక్కివచ్చిన వాడు మరల బడికి పోవుట వింతగా తోచవచ్చును. ఎక్కుట వేరు, ఎక్కించుట వేరు. అదే సంవత్సరము నవంబరు 4న డార్జిలింగు విద్యాలయము ప్రారంభమైనది. అరువదేండ్లకు, తెలంగాణములోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు భువనగిరి బండపై త్రాళ్లు పట్టుట నేర్చి, ఆపై అదే డార్జిలింగులో శిక్షణ పొందిరి. వారిలో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగవ యేడు నిండలేదు. ఆల్ప్స్ బడినుండి డార్జిలింగునకు, డార్జిలింగునుండి మన తెలుగు పిల్లలకు వచ్చిన ఈ వరుసను గురుపరంపర యనక మరేమందుము?

ఇక మన కొండకు వత్తము. మన గంజాము తెలుగువారికి కొండ యనగా మహేంద్రగిరియే. ఎత్తు 1501 మీటర్లు. కులపర్వతములు ఏడింట మొదట చెప్పబడునది, పరశురాముని తపోభూమి. కాళిదాసు రఘుని దిగ్విజయములో దీనిని చెప్పినాడు. కళింగనగరము నేలిన గాంగరాజులు మహేంద్రశిఖరవాసియగు గోకర్ణస్వామిని తమ యిలవేల్పుగా శాసనములలో కొలిచిరి. పైన భీముని, ధర్మరాజుని, కుంతిని పేర్కొని పిలుచు రాతిగుడులు కలవు. రాజేంద్రచోళుని కాలపు శాసనమును, దానితో పులి, చేపల చిహ్నములును అచ్చటి రాతిపై చెక్కబడియున్నవి. మంచు లేదు గాని మబ్బు కలదు. నడివేసవిలో సైతము గుడి చూచుచుండగనే మాయమగును.

ఈ కొండ పూర్వము మందస జమీందారీలోనిది. గంజాము జిల్లా మదరాసు రాజధానిలో నున్నంతకాలము మందసవారికి, పర్లాకిమిడివారికి, బరంపురమువారికి అది ఒకే జిల్లాలోని కొండ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు జిల్లాను చీల్చిరి. కొండ ఇటు వచ్చినది, మందస అటు నిలిచినది. 1992లో గజపతి జిల్లా వేరుపడినది గనుక ఇప్పుడది గంజాములోను లేదు. ఆ కొండనుండి మహేంద్రతనయ యను పేరు గల నదులు రెండు పుట్టుచున్నవి. ఒకటి పర్లాకిమిడి వైపు పారి వంశధారలో కలియును. రెండవది తిన్నగా దిగి బారువవద్ద సముద్రములో పడును. పేరొక్కటే, పోయినదారులు వేరు. మన కుటుంబములలో అన్నదమ్ములు సరిహద్దున కిరువైపుల నిలిచిపోయిన యిండ్లవారికి ఈ సంగతి విప్పిచెప్ప నక్కరలేదు.

ఆ 1936లోనే పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరినవారిలో గిడుగు వేంకట రామమూర్తిగారొకరు. వారిని మనము వ్యావహారికభాషోద్యమ నాయకునిగా తలచుకొందుము. (అట్టివారిని గూర్చి ఈ భాషలో వ్రాయుచున్నందుకు వారు మమ్ము మందలించియే యుందురు.) కాని కొండలకథలో వారి స్థానము వేరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఆ కొండలవాసులగు సవరల భాష నేర్వవలెనని తలచి, తెలుగు, సవరము రెండును వచ్చిన యొకనిని తమ యింటనే యుంచుకొని పాఠము చెప్పించుకొనిరి. అడవులు తిరిగి మలేరియా పాలైరి. దానికి వాడిన క్వినైనువలన వారి వినికిడి పోయినది. అట్లు ఏండ్లు కష్టపడి నేర్చినదాని ఫలముగా 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని బడులు పెట్టించిరి. ఎఱ్ఱచొక్కా బోధకుని వెనుక నిలిచి, అతని గాడిలో నడచిన శిష్యుని వినయమే ఆ పండితునియందును చూచుచున్నాము. ఆయనకు పాఠము చెప్పినవాని పేరు మాత్రము మనలో నెందరికి తెలియును?

మన పెద్దలు శివరాత్రికి మహేంద్రగిరి జట్టుగా ఎక్కిన ముచ్చట్లు వినని యిల్లు మనలో నుండదు. అటుకులమూట, దీపపు చమురు, ముసలివారికి చేతికఱ్ఱలు అన్నియు ఆ ముచ్చట్లలో వచ్చును. ముందు నడచిన సవర ఎవరో మాత్రము రాడు. "ఒక సవరవాడు దారిచూపినాడు" అనునంతతో సరి. ఏ రాయి జారునో, ఏ వాగు పొంగునో, మబ్బు దిగినప్పుడు ఎచ్చట కూర్చుండవలెనో అతని నోటిలెక్క. షామొనివారు 1821లో చేసికొన్న సంఘము వంటిది ఇచ్చట నెవరును తలపెట్టలేదు. ఇప్పుడు పర్లాకిమిడి వైపునుండి కార్లు చాలదూరము పైకి పోవుచున్నవి గనుక దారిచూపువాని యవసరమును తగ్గినది. మన పిల్లలకు ఆల్ప్స్ గ్రామముల పేర్లు నోటికి వచ్చును, మహేంద్రగిరి కాలిబాట ఏ ఊరివద్ద మొదలగునో తెలియదు. తప్పు పిల్లలది కాదు. వారిని మనము తీసికొని పోలేదు.

మేము కొందరము ఒక శివరాత్రికి కారు విడిచి మందస వైపునుండి కాలినడకన ఎక్కితిమి. పండ్రెండుమంది, అందులో నలుగురు అరువది దాటినవారు. ఒక సవర యువకుడు ముందు నడచెను. తెలుగు చక్కగా మాటాడెను. ప్రతి మలుపున ఆగి, వెనుకనున్న చివరిమనిషి తల కనబడినదాక కదలలేదు. మాలో నొకరికి మోకాలు పట్టి కూర్చుండిపోగా, ఏటవాలున నిటారుగా దిగరాదనియు, పాదములు అడ్డముగా వేసి అటునిటు తిరుగుచు దిగవలెననియు తాను దిగి చూపించెను. ఆ చిత్రములోని ఎఱ్ఱచొక్కా పంతులు జ్ఞప్తికి వచ్చి, సంచిలోని చిత్రము తీసి అతనికి చూపితిమి. అతడు చూచి, కాళ్లకు కట్టిన పలకలను వ్రేలితో తాకి, "వీళ్లు ఎక్కేటప్పుడు కూడా ఇవి ఉంటాయా, బాబూ?" అని యడిగెను. త్రాటికి వ్రేలాడు కుర్చీలపై కూర్చుండి ఎక్కుదురని చెప్పితిమి. "అయితే కొండ ఎక్కినట్టు కాదు కదా" అని నవ్వెను.

సాయంకాలము క్రిందికి దిగిన పిమ్మట అతని పేరు, ఊరు, తండ్రి పేరు అడిగి మా చిన్న పుస్తకములో వ్రాసికొంటిమి. అతని తాతయు ఈ బాటనే జట్టులను నడిపించెడివాడట. ఆ తాత పేరు కూడ చెప్పించుకొని క్రింద వ్రాసితిమి. మన సంఘమువారు వచ్చు శివరాత్రికి పోదలచినచో ఆ పుస్తకము మాయొద్ద నున్నది.