గ్యాస్ డిటెక్టర్ ఆన్ అయితే సరిపోదు.. డ్యూటీ ఎక్కే ముందు ‘బంప్ టెస్ట్’ ఎందుకంటే?

శంషాబాద్ ఎయిర్‌పోర్టు అంటే ప్రయాణికులకు టెర్మినల్, రన్‌వే మాత్రమే కనిపిస్తాయి. ఆ వెనకాల ఫ్యూయెల్ ట్యాంకులు, విమానాల మరమ్మతు హ్యాంగర్లు ఉంటాయి. అక్కడ పనిచేసే టెక్నీషియన్ జేబుకు తగిలించుకునే చిన్న డబ్బానే గ్యాస్ డిటెక్టర్. రెక్కలోని ఇంధన ట్యాంకులోకి మనిషి దూరాలంటే ముందు ఇది ఓకే చెప్పాలి. మరి ఆ డబ్బా నిజమే చెబుతోందని గ్యారెంటీ ఏంటి?

విమాన ఇంధనం జెట్ ఏ-1 ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు. అంటే ఆ వేడి దాటితే మంట అంటుకునేంత ఆవిరి పైకి లేవొచ్చు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటడం కొత్తేం కాదు. కాబట్టి వేసవిలో ఈ రీడింగ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

అసలు చిక్కు ఏంటంటే, మండే గ్యాస్‌ను పట్టే కేటలిటిక్ సెన్సర్ చెడిపోయినా చాలాసార్లు చప్పుడు చేయదు. హ్యాంగర్‌లో వాడే సిలికాన్ స్ప్రేలు, పాలిష్‌ల ఆవిరి తగిలితే సెన్సర్ మొద్దుబారుతుంది. బ్యాటరీ ఫుల్, లైటు పచ్చ, రీడింగ్ సున్నా. ఎదురుగా గ్యాస్ ఉన్నా సున్నానే! అందుకే బంప్ టెస్ట్. తెలిసిన మోతాదు ఉన్న గ్యాస్‌ను సిలిండర్ నుంచి కొన్ని సెకన్లు పట్టించి, అలారం మోగుతోందా లేదా చూస్తారు. నాలుగు గ్యాస్‌ల డిటెక్టర్లకు ఎక్కువగా వాడే మిశ్రమంలో మీథేన్ 2.5 శాతం, ఆక్సిజన్ 18 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం, హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం ఉంటాయి. ఆ సిలిండర్‌కూ ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. దాన్ని చూడకుండా టెస్ట్ చేస్తే చేయనట్టే.

బంప్ టెస్ట్ రోజూ, పని మొదలెట్టే ముందు చేయాలి. క్యాలిబ్రేషన్ వేరు. అందులో రీడింగ్‌నే సరిదిద్దుతారు. సాధారణంగా ఆరు నెలల లోపు ఒకసారి చేయిస్తారు, తయారీ కంపెనీ మాన్యువల్ చెప్పిందే ఫైనల్. బంప్‌లో ఫెయిలైతే క్యాలిబ్రేషన్, అందులోనూ ఫెయిలైతే ఆ డిటెక్టర్‌ను పక్కన పెట్టాల్సిందే.

డిటెక్టర్‌ను స్వచ్ఛమైన గాలిలో జీరో చేయాలి. ఇంజిన్ ఆన్‌లో ఉన్న డీజిల్ ట్రాక్టర్ పక్కన చేస్తే, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌నే అది సున్నా అనుకుంటుంది. ఆ తర్వాత అన్నీ తక్కువగానే చూపిస్తుంది. ఇంకో మెలిక ఉంది. మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసిన డిటెక్టర్, బరువైన జెట్ ఇంధన ఆవిరిని అసలు కంటే తక్కువగా చూపిస్తుంది. అందుకే కంపెనీ ఇచ్చే కరెక్షన్ ఫ్యాక్టర్ వాడాలి.

ట్యాంకులో ముందు చూడాల్సింది ఆక్సిజన్. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే అలారం మోగాలి. నైట్రోజన్ నింపిన ట్యాంకులో ఆక్సిజన్ లేకపోతే కేటలిటిక్ సెన్సర్ పని చేయదు, గ్యాస్ లేదనే చెబుతుంది. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా శాంపిల్ తీయాలి. ఇంధన ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది.

పరికరం తప్పు చోట ఉంటే ఏమవుతుందో విశాఖ చూసింది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరిన్ లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారని, ప్రమాద సమయంలో సైరన్ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. అక్కడున్నది గ్యాస్ డిటెక్టర్ సమస్య కాకపోయినా, కొలిచే చోటు, అలారం రెండూ ఫెయిలైన కేసు అది.

సెన్సర్లకూ ఆయుష్షు ఉంటుంది. విష వాయువులను, ఆక్సిజన్‌ను పట్టే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు చాలావరకు రెండు మూడేళ్లే పనిచేస్తాయి. వాడకుండా షెల్ఫ్‌లో పెట్టినా ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది.