మోటుపల్లి రేవు - చెడ్డపేరు మాపిన శాసనం

ఈనాడు అంతర్జాలంలో ఒక దుకాణాన్ని గురించి వెదకితే, సరుకు కంటె ముందు దాని పేరుప్రతిష్ఠలే కనబడతాయి. ఎవరు ఎన్ని నక్షత్రాలిచ్చారో, ఎవరు ఏమని తిట్టారో చూసుకొని గాని జనం గడప తొక్కడం లేదు. ఆ తిట్లను అడుగుకు నెట్టి మెప్పులను పైకి తెచ్చిపెట్టే పనికి ప్రత్యేకంగా సంస్థలే వెలిశాయి. ఇది మన కాలపు వింత అనుకొనే మిత్రులకు నేను మోటుపల్లి శాసనాన్ని చూపుతుంటాను.

మోటుపల్లి చినగంజాం దగ్గరి సముద్రతీర గ్రామం. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉన్నది. అది ద్వీపద్వీపాంతరాల నుండి వచ్చిపోయే ఓడవర్తకులను ఉద్దేశించినది.

అంతకు పూర్వం జరిగినదేమిటి? తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుఱ్ఱాలు, రత్నాలు సమస్తమూ ఆ నేలనేలే రాజులు బలవంతంగా లాగుకొనేవారు. ప్రాణాలతో గట్టెక్కిన వర్తకుడికి కట్టుబట్టలే మిగిలేవి. ఈ దుర్నయం మన తీరానికే పరిమితం కాదు. ఇంగ్లండులో 1275లో మొదటి ఎడ్వర్డు చేసిన చట్టం ప్రకారం, ఓడ నుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని సజీవంగా బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొత్తుగా పరిగణించరాదు. సరుకుదారు హక్కు ఒక పిల్లి ప్రాణం మీద ఆధారపడిన రోజులవి! మన శాసనం దానికి ముప్పది యేండ్లు పెద్దది.

గణపతిదేవుడు చేసినదేమనగా, పూర్వరాజుల ఆ దోపిడిని దాచక శిలమీదనే చెప్పించాడు. సామాన్యంగా శాసనాలు వంశాన్ని పొగడడానికి పుట్టినవి. చెడును మరుగుపరచడం ప్రశస్తికారులకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ మాత్రం చెడు చెడుగానే నిలిచింది. తప్పు "పూర్వరాజులది" అనడంలో రాజనీతి కొంత ఉన్నదనుకోండి. కాని సముద్రం మీద నోటనోట పాకిన అపవాదును ఏ రాజూ తుడిచివేయలేడు గదా. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో, కీర్తి కొఱకూ ధర్మం కొఱకూ, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనమని ఆయన మాట యిచ్చాడు. దయ, ధర్మం సరే. కీర్తి అనే మాటను దాచకుండా చెప్పినందుకు నాకు ఆ శాసనకర్త మీద గౌరవం.

ఉత్త మాటతో వర్తకుడు నమ్మడు. అందుకే ఎగుమతి దిగుమతులకు ముప్పదింట ఒక వంతు సుంకమని నిర్ణయించారు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు - వేటికి ఎంత అన్నది పట్టీగా చెక్కించారు. ఇక అధికారి తన యిష్టం వచ్చినట్లు అడగడానికి వీలులేదు. వర్తకుడు స్తంభాన్ని వ్రేలితో చూపగలడు.

ఫలితం? ఆ శతాబ్ది చివర మార్కోపోలో తన గ్రంథంలో ఈ దేశాన్ని "ముత్ఫిలి" అని రేవు పేరుతోనే పిలిచాడు. వజ్రాలను, సాలెగూటివంటి సన్నని వస్త్రాలను, న్యాయశీలయైన రాణిని పొగిడాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల నిర్ణయం. కాని ఆయన ఆమెను గతించిన రాజు భార్యగా వ్రాశాడు. నిజానికి గణపతిదేవుని కూతురు. మంచిపేరు కూడా దూరం పోయేకొలది ఇట్లా వంకర తిరుగుతుంది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. రాజు మారిన తరువాత పాత మాటను వర్తకుడు ఏల నమ్మాలి? కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో ఓడవర్తకులకు అభయమిస్తూ మళ్ళీ క్రొత్త శాసనం వేయించవలసి వచ్చింది.