చలి దేశంలో టాంగో: చూసే ఆటా, ఆడే ఆటా

టాంగో అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ వుమన్' సినిమా. చూపు లేని అల్ పచీనో, హోటల్లో అప్పుడే పరిచయమైన అమ్మాయితో చేసే డాన్సు. ఏ దేశానిదని అడిగితే అర్జెంటీనా అంటాం. కరెక్టే. కానీ అర్జెంటీనా తర్వాత టాంగోని అంతగా సొంతం చేసుకున్న దేశం ఇంకోటుంది. ఫిన్లాండ్. అవును, నోకియా ఫోన్లూ, లైనక్సూ పుట్టిన ఫిన్లాండే.

నాలుగు ముక్కలు ఎక్కువ మాట్లాడరని పేరున్న జనం. జులైలో కూడా సాయంత్రం స్వెట్టర్ వెతుక్కోవాల్సిన సముద్రతీరం. అలాంటిచోట వేసవి వచ్చిందంటే జనం కార్లేసుకుని పక్క ఊళ్ళకీ, పక్క జిల్లాలకీ వెళ్ళి, పేరు కూడా తెలీని మనిషిని పట్టుకుని టాంగో ఆడతారు. ఎందుకు? "చలి కదా, వెచ్చదనం కోసం" అని జోకులేస్తారు గానీ, అసలు జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్ర సొంతూరు వదిలొచ్చిన మనలాంటి వాళ్ళకి బాగా పనికొస్తుందని నా అభిప్రాయం.

మొదట్నుంచీ చెప్తాను.

టాంగో పుట్టింది 19వ శతాబ్దం చివర్లో, బ్యూనస్ ఐరిస్, మాంటివిడియో రేవుల దగ్గర. అప్పట్లో ఇటలీ నుంచీ, స్పెయిన్ నుంచీ లక్షల మంది పని వెతుక్కుంటూ అక్కడ దిగుతున్నారు. 1914 జనాభా లెక్కల ప్రకారం బ్యూనస్ ఐరిస్‌లో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్ళే. అందులో ఒంటరి మగాళ్ళు ఎక్కువ. ఒకరి భాష ఒకరికి రాదు. ఆఫ్రికన్ సంతతి వాళ్ళ తాళం, క్యూబా నుంచి వచ్చిన హబనేరా, యూరప్ వాళ్ళ పోల్కా, వాల్ట్జ్.. అన్నీ కలిసి ఈ డాన్సు తయారైంది. అంటే మొదటి రోజు నుంచీ ఇది వలసొచ్చిన వాళ్ళ ఆట అన్నమాట.

అక్కణ్ణుంచి పారిస్ వెళ్ళింది. 1913 నాటికి యూరప్ అంతా టాంగో పిచ్చి. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ తన ఆఫీసర్లు యూనిఫాంలో టాంగో ఆడకూడదని నిషేధం పెట్టాడు. (నిషేధిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా :-)) అదే 1913లో హెల్సింకీ కూడా చేరింది. అప్పటికి ఫిన్లాండ్ ఇంకా రష్యా సామ్రాజ్యంలో భాగమే. స్వతంత్రం వచ్చింది 1917లో.

కానీ అప్పటికది పట్నం వాళ్ళ ఫ్యాషనే. పల్లెల దాకా తీసుకెళ్ళింది మాత్రం యుద్ధం.

1939 నవంబర్ 30న సోవియట్ యూనియన్ ఫిన్లాండ్ మీద దాడి చేసింది. మూడున్నర నెలల యుద్ధం. తర్వాత 1941 నుంచి 1944 దాకా రెండో విడత. అంతా అయ్యేసరికి తూర్పున కరేలియా ప్రాంతంలో చాలా భాగం పోయింది. అక్కడి జనం నాలుగు లక్షల పైన.. ఇళ్ళూ, పొలాలూ, చర్చి పక్క సమాధులూ వదిలేసి వచ్చేశారు. దేశం మొత్తం జనాభా నలభై లక్షలు కూడా లేని రోజులు. అంటే ప్రతి తొమ్మిది పది మందిలో ఒకరు నిర్వాసితులు. ప్రభుత్వం వాళ్ళని దేశమంతా పంచి, పొలాలిచ్చి కూర్చోబెట్టింది. ఊరి పేరు కొత్తది, పక్కింటివాడి యాస కొత్తది.

ఇంకో సంగతి. యుద్ధం మొదలవగానే బహిరంగంగా డాన్సు చేయడం నిషేధించారు. అక్కడ మనవాళ్ళు చస్తుంటే ఇక్కడ గెంతులేంటి అని. ఆ ఆంక్షలు యుద్ధం అయ్యాక కూడా కొంత సడలించీ, కొంత మిగిల్చీ 1948లో గానీ పూర్తిగా ఎత్తెయ్యలేదు. అన్నేళ్ళూ జనం ఊరుకున్నారా? గడ్డివాముల కొట్టాల్లో, అడవిలో దారులు కలిసేచోట, ఎవరింట్లోనో దొంగచాటుగా ఆడారు. పోలీసులొచ్చి జరిమానాలేశారు. సెలవు మీద ఇంటికొచ్చిన కుర్రాడికి మళ్ళీ తిరిగొస్తానో లేదో తెలీదు. వాడు చీకట్లో మైళ్ళు నడిచి వెళ్ళి ఒక అమ్మాయితో రెండు పాటలకి అడుగులు వేశాడంటే దాన్ని గెంతులనడం అన్యాయం.

యుద్ధం తర్వాత వచ్చిన పాటలు వింటే ఇదంతా అందులో ఉంటుంది. తోయివో కార్కి అనే ఆయన యుద్ధంలో ఫిరంగి దళం ఆఫీసరు. ఒక పక్క అది చేస్తూనే బాణీలు కట్టాడు. ఆయన పాటల్లో ఒక ప్రసిద్ధ టాంగో పేరు 'లిల్యన్‌కుక్క'. కంగారు పడకండి, ఫిన్నిష్‌లో కుక్క అంటే పువ్వు! లిల్లీపువ్వు అన్నమాట. అర్జెంటీనా టాంగోలో వినిపించే బాండోనియన్ స్థానంలో ఇక్కడ అకార్డియన్ వచ్చింది. రష్యన్ విషాద గీతాల ఛాయ, జర్మన్ మార్చ్ తాళం కలిశాయి. దాదాపు అన్నీ దిగులు స్వరాలే. 1950ల్లో ఓలవి విర్త అనే గాయకుడు వీటితో దేశాన్ని ఊపేశాడు. టాంగో రాజు అన్నారు. 1972లో పోయేనాటికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు, అది వేరే కథ.

అన్నిటికన్నా పెద్ద పాట 'సతుమా'. కలల దేశం అనుకోండి. 1955లో ఉంతో మొనోనెన్ రాశాడు. సముద్రం అవతల ఎక్కడో ఒక చల్లని చోటుంది, అక్కడికి నేను చేరలేను అన్నది దాని భావం. ఈ మొనోనెన్ పుట్టింది కరేలియాలోని ముయోలాలో. యుద్ధం వచ్చేసరికి తొమ్మిదేళ్ళవాడు. ఆ ఊరు తర్వాత సరిహద్దు అవతలికి పోయింది. పాటలో కరేలియా పేరెక్కడా లేదు. విన్నవాళ్ళకి చెప్పాల్సిన అవసరం ఉందంటారా? 1962లో రెయో తైపలె పాడాక ఆ పాట ఇంటింటికీ వెళ్ళిపోయింది. బీటిల్స్ ప్రపంచాన్ని ఊపుతున్న రోజుల్లో ఫిన్లాండ్ కుర్రాళ్ళు టాంగోలు కొనుక్కుంటున్నారు. మొనోనెన్ మాత్రం 1968లో, 37 ఏళ్ళకే, తన ప్రాణం తనే తీసుకున్నాడు.

సరే, ఇదంతా పాటల సంగతి. ఆడటం ఎక్కడ?

చెరువు గట్టునో సముద్రం ఒడ్డునో చెక్కతో కట్టిన మండపాల్లో. చాలావాటికి పైకప్పు ఉంటుంది, పక్కలు తెరిచి ఉంటాయి. వీటిని కట్టింది ఏ జమీందారో కాదు. ఊరి యువజన సంఘాలు, కార్మిక సంఘాలు, ఆటల క్లబ్బులు, స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు. 1918 అంతర్యుద్ధం తర్వాత కార్మికుల హాలు వేరు, అవతలి పక్షం వాళ్ళ హాలు వేరు. టికెట్టు డబ్బుల్తోనే క్లబ్బులు నడిచేవి. సినిమాకి వేసినట్టే డాన్సుకి కూడా వినోదపు పన్ను ఉండేది. ఐతే ముందు ఉపన్యాసం, నాటిక, బృందగానం లాంటి 'విజ్ఞానం' పెడితే పన్ను తగ్గేది. అందుకని జనం ఉపన్యాసం ఎప్పుడైపోతుందా అని చూస్తూ కూర్చునేవాళ్ళు. పన్ను తప్పించుకునే తెలివి మనకొక్కళ్ళకే ఉందనుకోవడం పొరపాటు.

యుద్ధం తర్వాత బస్సులు వచ్చాయి. శనివారం సాయంత్రం ఊళ్ళ నుంచి డాన్సుకి బస్సులు. ప్రయాణం ఇందులో ముఖ్యమైన భాగం. సొంతూళ్ళో అందరూ అందరికీ తెలుసు. పక్క ఊళ్ళో మీరు కొత్త మనిషి.

ఇక్కడి పద్ధతులు మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే నచ్చుతాయి. పక్కాగా రాసిన ప్రోటోకాల్ లాంటివి. మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు. వెళ్ళి తల వంచి అడగాలి. ఒప్పుకుంటే వరసగా రెండు పాటలు. అవగానే ఆమెని తిరిగి తన చోటు దాకా దిగబెట్టి 'కీతోస్' అనాలి. అంటే థాంక్స్. అంతే, సెషన్ క్లోజ్. మూడో పాటకి చెయ్యి వదలకపోతే దానికి వేరే అర్థం ఉంది. కొంతసేపయ్యాక బోర్డు మీద లైటు వెలుగుతుంది: ఇప్పుడు ఆడవాళ్ళు అడగాలి. బ్యూనస్ ఐరిస్‌లో ఐతే మూడు నాలుగు పాటలకి ఒక జోడీ, అడగటం కళ్ళతోనే. దూరం నుంచి చూపు కలిపి తల ఊపడం. ఎవరైనా కాదన్నా నలుగురిలో పరువు పోదు.

ఎస్పూలో ఆన్‌సైట్‌కి ఉన్న ఒక వేసవిలో ఆఫీసాయన ఒకరు నన్ను కార్లో గంటన్నర దూరం తీసుకెళ్ళారు. రాత్రి పదింటికి ఇంకా వెలుగుంది, సముద్రం మీంచి చలిగాలి. జనంలో సగం మందికి అరవై దాటి ఉంటాయి. ఆడవాళ్ళ వంతు రాగానే మా అమ్మ వయసావిడ వచ్చి నన్నడిగింది. నాకు రాదని చెప్తే, నడవడం వచ్చు కదా అంది. రెండు పాటలు నడిచాం. పేరు, ఊరు, ఉద్యోగం, ఏ వీసా.. ఏదీ అడగలేదు. దిగబెట్టాను. కీతోస్. పరాయి దేశంలో ఆర్నెల్లుగా బ్యాడ్జీ చూపిస్తే తప్ప తలుపు తెరుచుకోని వాడికి అదెంత పెద్ద విషయమో చెప్పడం కష్టం.

ఇదంతా ఎప్పుడూ ఇలాగే పచ్చగా ఉందనుకోకండి. 1960ల చివర్లో పల్లెలు ఖాళీ అయ్యాయి. 1969, 70.. ఈ రెండేళ్ళలోనే సుమారు 80 వేల మంది సముద్రం దాటి స్వీడన్ ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. టాంగోని కూడా పట్టుకెళ్ళారు. ఇక్కడ మాత్రం డిస్కోలు, టీవీలు వచ్చి చాలా మండపాలు మూతపడ్డాయి. 1985లో సెయినాయొకి అనే ఊళ్ళో టాంగో ఉత్సవం మొదలైంది. పాటల పోటీ, రాజు, రాణి, టీవీ ప్రసారం. మంచి ఊపులో ఉన్న ఏళ్ళలో లక్ష మంది పైన వచ్చారు. మంచిదే. కానీ పోటీలో గెలిచినవాళ్ళు తర్వాత పాడుకునేది ఎక్కడ? మళ్ళీ ఆ చెక్క మండపాల్లోనే. అవి లేకపోతే ఉత్సవం ఒట్టి టీవీ ప్రోగ్రాం.

అర్జెంటీనాలో ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. 1955లో పెరోన్‌ని సైన్యం దించేశాక, రాక్ సంగీతం వచ్చాక, అక్కడ టాంగో ఆడేవాళ్ళు తగ్గిపోయారు. 1983లో పారిస్‌లో, 1985లో బ్రాడ్‌వేలో 'టాంగో అర్జెంటీనో' అనే షో దుమ్ము రేపింది. అది చూసిన విదేశీయులు నేర్చుకుందామని బ్యూనస్ ఐరిస్ వచ్చారు. షోలోని ఎగిరే కాళ్ళు జనంతో నిండిన హాల్లో పనికిరావు. పక్కవాళ్ళకి తగలకుండా నడిచే విద్య నేర్పగలిగింది, అన్నేళ్ళూ పేట హాళ్ళలో ఆడుతూ వచ్చిన ముసలివాళ్ళు. వాళ్ళు లేకపోతే 2009లో యునెస్కో ఇచ్చిన గుర్తింపు మ్యూజియం బోర్డు మాత్రమే అయ్యేది.

నేను చెప్పొచ్చేది ఇదే. చూసే కళ వేరు, ఆడే ఆట వేరు. చూసే కళని నలుగురు బాగా నేర్చుకున్నా బతికించొచ్చు. ఆడే ఆటకి మామూలు మనుషులు కావాలి. సరిగ్గా రానివాళ్ళు కూడా కావాలి. మన తెలుగు సంఘాల సంబరాలు గుర్తు చేసుకోండి. స్టేజీ మీద పది నిమిషాల ఐటెం, కింద వెయ్యి కుర్చీలు, వెయ్యి సెల్‌ఫోన్లు. కూచిపూడికి అది సరిపోతుంది, దానికి స్టేజీ కావాలి. కానీ బతుకమ్మకి కుర్చీలెందుకు? కోలాటానికి న్యాయనిర్ణేతలెందుకు? బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో ఎవరైనా దూరొచ్చు, అడుగు తప్పితే పక్కావిడ చూసి సర్దుకుంటుంది. అదీ దాని ప్రోటోకాల్. దాన్ని స్టేజీ ఎక్కించి మార్కులేసిన రోజున మన చేత్తో మనమే దాన్ని చూసే కళగా మార్చేసినట్టు.

ఫిన్లాండ్ వాళ్ళు పోయిన ఊళ్ళకి స్మారకాలు కట్టుకున్నారు, పుస్తకాలు రాసుకున్నారు. వాటితో పాటు శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, పేరు తెలీని మనిషితో రెండు పాటలు నడిచారు. ఈసారి మీ ఊళ్ళో దసరాకి హాలు బుక్ చేసేవాళ్ళు, ముందు కుర్చీలు ఎన్ని తీసెయ్యొచ్చో లెక్కేసి చూడండి.